ఏ గడ్డిని ఏ తెగులు ఆశిస్తుంది: అమెరికాలో లాన్ వేసుకునే తెలుగువారికి ఎంపిక సలహా

న్యూజెర్సీలోనో, షార్లెట్‌లోనో, డల్లాస్‌లోనో ఇల్లు కొన్న మనవాళ్లు రెండో వేసవి గడిచేసరికి నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: ఏ గడ్డి వేస్తే తెగులు రాదు? ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే లాన్‌లో వేసే ప్రతి గడ్డినీ ఏదో ఒక శిలీంద్రం ఆశిస్తుంది. ప్రశ్నను కాస్త మార్చి, మా ఊరి వాతావరణంలో ఏ శిలీంద్రం ఏ గడ్డిని ఎక్కువగా ఆశిస్తుంది, ఆశిస్తే ఆ గడ్డి మళ్లీ చిగురిస్తుందా లేక మొదలంటా పోతుందా అని అడిగితే మాత్రం చెప్పడానికి చాలా ఉంది. అందులో ఎక్కువ భాగం ఇటీవలి దశాబ్దాల్లో ఈ శిలీంద్రాల జన్యువులను చదవడం వల్ల తెలిసిన విషయమే.

నేను ఈ సంగతి నష్టపోయి నేర్చుకున్నాను. మధ్య న్యూజెర్సీలో మా ఇంటి ముందు మొదటిసారి పూర్తిగా పెరెన్నియల్ రైగ్రాస్ విత్తనమే చల్లాను. వారం తిరగకుండానే మొలిచి, మే నెలకల్లా పట్టు పరిచినట్టు మెరిసింది. ఆగస్టు చివర్లో ఒక మూల వాడినట్టు కనిపిస్తే, నీరు చాలలేదనుకుని సాయంత్రం పూట నీళ్లు పెట్టాను, బలం కోసం యూరియా కూడా వేశాను. అవి రెండూ చేయకూడని పనులే. మోకాళ్ల మీద కూర్చుని చూస్తే ఆకు కొన గాలపు ముల్లులా వంకర తిరిగి ఉంది, కింద బూడిద రంగు మచ్చ, దాని చుట్టూ ముదురు గోధుమ రంగు అంచు. వీడియో కాల్‌లో ఆ ఆకు చూపిస్తే, గోదావరి జిల్లాలో జీవితమంతా వరి పండించిన మా నాన్నగారు "ఇది అగ్గి తెగులులా ఉందిరా" అన్నారు. పది రోజుల్లో లాన్‌లో సగం పోయింది. ఆయన చెప్పిన పేరే సరైన పేరని పరీక్ష చేయించిన తర్వాత తెలిసింది.

వరికి అగ్గి తెగులు తెచ్చే పైరిక్యులేరియా ఒరైజే అనే శిలీంద్రమే రైగ్రాస్ మీద గ్రే లీఫ్ స్పాట్ అనే తెగులు తెస్తుంది. వరి ఆకు మీద మనం చూసే నూలుకండె ఆకారపు మచ్చకు ఇది దగ్గరి చుట్టం. అంతమాత్రాన వరి మీది శిలీంద్రం వచ్చి లాన్ మీద పడిందని అనుకోకూడదు. ఈ ఒక్క జాతిలోనే వేర్వేరు వంశాలు స్థిరపడి ఉన్నాయి: వరిని ఆశించేది ఒకటి, రాగిని ఆశించేది ఒకటి, కొర్రను ఆశించేది ఒకటి, గోధుమను ఆశించేది ఒకటి, రైగ్రాస్‌ను ఆశించేది ఒకటి, సెయింట్ అగస్టీన్ గడ్డిని ఆశించేది ఇంకొకటి. లాన్‌లో కలుపుగా మొలిచే క్రాబ్‌గ్రాస్ మీద కనిపించే ఇలాంటి మచ్చలకు కారణం పైరిక్యులేరియా గ్రీసియా. అది అసలు వేరే జాతేనని 2002లో జన్యు ఆధారాలతో తేల్చారు. కాబట్టి పక్కింటి క్రాబ్‌గ్రాస్ మీద మచ్చలు చూసి మన రైగ్రాస్‌కు ముప్పు వచ్చిందని కంగారు పడనవసరం లేదు.

అయితే ఈ ఇష్టాయిష్టాలు ఎప్పటికీ మారవని నమ్మడం కూడా పొరపాటే. పెరెన్నియల్ రైగ్రాస్ లాన్ల మీద ఈ తెగులు 1991లో పెన్సిల్వేనియాలో నమోదై, ఆ దశాబ్దంలోనే తూర్పు రాష్ట్రాల గోల్ఫ్ మైదానాలకు పెద్ద గండంగా మారింది. అంతకు ముందు, 1985లో, బ్రెజిల్‌లోని పరానా రాష్ట్రంలో మొదటిసారిగా గోధుమ మీద అగ్గి తెగులు కనిపించింది. జపాన్ శాస్త్రవేత్తల నాయకత్వంలో 2017లో ప్రచురితమైన పరిశోధన దాని మూలాన్ని వివరించింది. రైగ్రాస్‌ను ఆశించే శిలీంద్రంలో పీడబ్ల్యూటీ3 అనే జన్యువు ఉంటుంది. దాని ఉత్పత్తిని గుర్తుపట్టి శిలీంద్రాన్ని గుమ్మంలోనే ఆపేసే జన్యువు, ఆర్‌డబ్ల్యూటీ3, చాలా గోధుమ రకాల్లో ఉంటుంది. ఆ కాపలా జన్యువు లేని గోధుమ రకాలను బ్రెజిల్‌లో విస్తారంగా సాగు చేయడంతో శిలీంద్రానికి గోధుమలో కాలు మోపే చోటు దొరికింది. తర్వాత శిలీంద్రం తన పీడబ్ల్యూటీ3 జన్యువును పనిచేయకుండా పోగొట్టుకుని, కాపలా ఉన్న రకాలను కూడా ఆశించగలిగింది. దక్షిణ అమెరికాలోని ఆ వంశమే 2016లో బంగ్లాదేశ్ గోధుమ పొలాల్లో తేలింది. ఒకే జన్యు స్వభావం ఉన్న మొక్కను విస్తారంగా వేస్తే ఏమవుతుందో ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు తెలియదు. లాన్‌కు గడ్డి ఎంచుకునేటప్పుడు నేను మొదట గుర్తుచేసుకునేది ఇదే.

డాలర్ స్పాట్: ఒక పేరు వెనుక ఉన్న జాతులు

అమెరికా గోల్ఫ్ మైదానాల్లో మందుల ఖర్చు అన్నిటికంటే ఎక్కువగా పెట్టించే తెగులు డాలర్ స్పాట్. బాగా పొట్టిగా కత్తిరించిన గడ్డి మీద వెండి డాలరు నాణెమంత మచ్చలుగా వస్తుంది కాబట్టి ఆ పేరు పడింది. ఇంటి లాన్‌లో గడ్డి ఎత్తుగా ఉంటుంది కనుక మచ్చలు అరచేయంత పెరిగి ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. గుర్తించాలంటే ఎండ రాకముందే బయటికి రావాలి. మంచు ఇంకా ఆరని గడ్డి మీద సాలెగూడులాంటి తెల్లటి బూజు కనిపిస్తుంది, ఎండ పడగానే మాయమవుతుంది. ఒక ఆకు తుంచి వెలుతురుకు పట్టుకుంటే, అడ్డంగా పాలిపోయిన పట్టీ, దానికి పైనా కిందా ఎర్రటి గోధుమ రంగు గీత, నడుము దగ్గర సన్నబడిన డమరుకంలాంటి ఆకారం కనిపిస్తాయి.

బ్రిటన్‌లో ఎఫ్. టి. బెన్నెట్ 1937లో ఈ శిలీంద్రానికి స్క్లెరోటీనియా హోమియోకార్పా అని పేరు పెట్టారు. ఆ పేరు సరిపోదని చాలామంది పరిశోధకులు అంటూనే ఉన్నా ఎనభై ఏళ్లు అదే చెల్లింది. 2018లో జన్యు పరీక్షల ఆధారంగా దీన్ని క్లారిరీడియా అనే కొత్త ప్రజాతిలోకి మార్చి, నాలుగు జాతులుగా విడదీశారు. రట్గర్స్ విశ్వవిద్యాలయంలో ఎన్నో లాన్ గడ్డి రకాలను తీర్చిదిద్దిన సి. రీడ్ ఫంక్ గౌరవార్థం ఆ పేరు పెట్టారు. ఆ నాలుగింటిలో రెండు ప్రధానంగా బ్రిటన్‌కు చెందినవి. మనకు ముఖ్యమైనవి మిగిలిన రెండు. క్లారిరీడియా జాక్సోనీ ప్రధానంగా చల్లని ప్రాంతాల గడ్డిని, అంటే బెంట్‌గ్రాస్, కెంటకీ బ్లూగ్రాస్, పెరెన్నియల్ రైగ్రాస్ వంటివాటిని ఆశిస్తుంది. క్లారిరీడియా మాంటీథియానా ప్రధానంగా వేడి ప్రాంతాల గడ్డిని, అంటే బెర్ముడా, జోయిసియా, సముద్రతీరపు పాస్పాలం వంటివాటిని ఆశిస్తుంది. బెర్ముడా అంటే మన గరికే.

"ప్రధానంగా" అనే మాటను నేను కావాలనే వాడుతున్నాను. ప్రయోగశాలలో ఒక జాతిని రెండో వర్గపు గడ్డి మీద వేస్తే అక్కడా తెగులు రాగలదు. ఒక్కోసారి లాన్లలో కూడా జాక్సోనీ బెర్ముడా మీద దొరుకుతుంది. ఇది కంచె లాంటిది, గోడ లాంటిది కాదు. అయినా ఎంపికకు ఈ కంచె పనికొస్తుంది: రెండు వర్గాల గడ్డీ పెరిగే ఉత్తర కరోలినా వంటి చోట్ల, పక్కింటి బెర్ముడా మీద డాలర్ స్పాట్ ఉన్నంత మాత్రాన మీ ఫెస్క్యూ (ఇది కూడా చల్లని ప్రాంతాల గడ్డే) మీద అదే తీవ్రతతో వస్తుందని లెక్క వేయకండి. ఈ శిలీంద్రం సాధారణంగా గాలిలో ఎగిరే బీజాలతో వ్యాపించదు, తెగిన ఆకుముక్కలతో, బూట్లతో, మోయర్ చక్రాలతో నడిచి వస్తుంది. లాన్ సర్వీసు వాళ్లు ఇంటింటికీ అదే మోయర్ తిప్పుతున్నారంటే, మీ లాన్ దగ్గరికి వచ్చేముందు దాన్ని కడిగి తెమ్మని అడగడంలో తప్పు లేదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. నత్రజని తక్కువైన గడ్డి మీద డాలర్ స్పాట్ విజృంభిస్తుంది, నత్రజని ఎక్కువైన గడ్డి మీద గ్రే లీఫ్ స్పాట్, బ్రౌన్ ప్యాచ్ విజృంభిస్తాయి. ఏ శిలీంద్రమో తెలియకుండా ఎరువు వేయడం, ఎరువు ఆపడం రెండూ జూదమే. పేరు తెలిశాక అదే ఎరువు మందుగా పనిచేస్తుంది. డాలర్ స్పాట్ సోకిన రైగ్రాస్, బ్లూగ్రాస్ లాన్లు మందు కొట్టకుండానే కొద్దిపాటి నత్రజనితో తేరుకోవడం నేను చాలాసార్లు చూశాను.

బ్రౌన్ ప్యాచ్, లార్జ్ ప్యాచ్

రైజోక్టోనియా సోలనై అనే పేరు వినని వరి రైతు ఉండవచ్చు, కానీ అది తెచ్చే పాముపొడ తెగులు చూడని రైతు మన డెల్టాల్లో ఉండడు. ఈ శిలీంద్రాన్ని ఏజీ అనే గుంపులుగా విభజిస్తారు. ఒకే గుంపుకు చెందిన పోగులు ఎదురుపడితే కలిసిపోతాయి, వేరే గుంపువి కలవవు. వరికి పాముపొడ తెచ్చే ఏజీ 1-ఐఏ గుంపు టాల్ ఫెస్క్యూ మీద బ్రౌన్ ప్యాచ్ తెచ్చేవాటిలో ఒకటి. జోయిసియా, సెయింట్ అగస్టీన్ గడ్డిని ఆశించేది మాత్రం ఏజీ 2-2 ఎల్‌పీ, దాని తెగులును లార్జ్ ప్యాచ్ అంటారు.

గుంపు మారితే కాలం కూడా మారుతుంది. బ్రౌన్ ప్యాచ్ జూలై, ఆగస్టు నెలల ఉక్కపోతలో, రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్ దాటిన రోజుల్లో వస్తుంది. లార్జ్ ప్యాచ్ గడ్డి నిద్రలోకి జారుకునే శరదృతువులోనూ, నిద్ర లేచే వసంతంలోనూ వస్తుంది. నడివేసవిలో జోయిసియాకు బ్రౌన్ ప్యాచ్ మందు కొట్టించి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. ఎంపికలో ఇంకా ముఖ్యమైన తేడా ఏమిటంటే, బ్రౌన్ ప్యాచ్ టాల్ ఫెస్క్యూ ఆకును తింటుంది కానీ చాలాసార్లు మొదలును వదిలేస్తుంది, కాబట్టి సెప్టెంబరు చల్లదనానికి గడ్డి మళ్లీ చిగురిస్తుంది. గ్రే లీఫ్ స్పాట్ రైగ్రాస్‌కు ఆ అవకాశం ఇవ్వదు.

గడ్డిలో ఎంత వైవిధ్యం ఉంది

శిలీంద్రంలోని తేడాల గురించి ఇంత చెప్పాక, గడ్డిలోని తేడాల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మనం కొనేది గడ్డిని. టాల్ ఫెస్క్యూ, పెరెన్నియల్ రైగ్రాస్ పరపరాగ సంపర్కంతో విత్తనం కట్టే మొక్కలు, ఒకే రకం సంచిలో కూడా ఏ రెండు గింజలూ అచ్చంగా ఒకటి కావు. కెంటకీ బ్లూగ్రాస్ చాలావరకు ఫలదీకరణ లేకుండానే విత్తనం కడుతుంది, కాబట్టి గింజలు ఎక్కువ భాగం తల్లి మొక్కకు నకళ్లు. టిఫ్‌వే వంటి హైబ్రిడ్ బెర్ముడాలు, ఫ్లోరటాం అనే సెయింట్ అగస్టీన్ రకం విత్తనం కట్టని గొడ్డు మొక్కలు. వాటిని కాడలతో, లేదా సాడ్ అనే, వేరుతో సహా చాపలా కోసి తెచ్చే గడ్డితో మాత్రమే పెంచుతారు. 1960లో జార్జియాలోని టిఫ్టన్ నుంచి విడుదలైన టిఫ్‌వే మొక్క ఎన్ని లక్షల ఎకరాలు పరుచుకున్నా జన్యుపరంగా అది ఒకే మొక్క.

బ్లూగ్రాస్‌లో ఇందుకు ప్రసిద్ధమైన పాఠం మెరియన్ రకం. 1936లో పెన్సిల్వేనియాలోని మెరియన్ గోల్ఫ్ క్లబ్‌లో దొరికిన ఆ ఒక్క మొక్క, అప్పట్లో బ్లూగ్రాస్ లాన్లను కాల్చేస్తున్న మెల్టింగ్ ఔట్ అనే ఆకుమచ్చ తెగులుకు గట్టిగా నిలిచింది. దాంతో దేశమంతటా అదే వేశారు. కొన్నేళ్లకు అదే మెరియన్ తుప్పు తెగులుకూ, కాటుకలాంటి నల్లటి పొడి రాలే స్ట్రైప్ స్మట్‌కూ, బూడిద తెగులుకూ సులభంగా లొంగుతుందని తేలింది. అందుకే బ్లూగ్రాస్ కొంటే ఒకే రకం కొనవద్దని, కనీసం మూడు రకాల మిశ్రమం కొనమని నేను గట్టిగా చెబుతాను. రైగ్రాస్, ఫెస్క్యూ విషయంలో ఒకే రకం అంత ప్రమాదం కాదు, అయినా రెండు మూడు రకాలు కలిసి ఉండడమే మేలు.

ఇక ఊరిని బట్టి ఎంపిక

న్యూజెర్సీ, పెన్సిల్వేనియా వంటి చోట్ల నా ఓటు స్పష్టంగా టాల్ ఫెస్క్యూకే: తూకంలో 90 శాతం టాల్ ఫెస్క్యూ, 10 శాతం కెంటకీ బ్లూగ్రాస్. బ్లూగ్రాస్ గింజ చాలా చిన్నది కాబట్టి ఆ 10 శాతంలోనే ఎన్నో మొక్కలు వస్తాయి, అవి భూమిలో పాకి ఖాళీలు పూడుస్తాయి. బ్రౌన్ ప్యాచ్ ఈ లాన్‌కు వస్తుంది, అది ముందే ఒప్పుకోవాలి. గడ్డిని మూడు అంగుళాలకు పైన ఉంచి, నీరు తెల్లవారుజామున మాత్రమే పెట్టి, నత్రజనిలో ఎక్కువ భాగం శరదృతువులో వేస్తే అది భరించగలిగిన స్థాయిలోనే ఉంటుంది. న్యూజెర్సీ చట్టం ప్రకారం ఇంటి యజమాని వెయ్యి చదరపు అడుగులకు ఏడాదికి 3.2 పౌండ్లకు మించి నత్రజని వేయకూడదు, ఫెస్క్యూకు అంత కూడా అవసరం రాదు. రైగ్రాస్ త్వరగా మొలుస్తుందని ఆశపడితే, పేరు చివర జీఎల్ఆర్ అనే అక్షరాలున్న రకాలను చూడండి, అవి గ్రే లీఫ్ స్పాట్‌ను తట్టుకునేలా తీర్చినవి. అయినా నేను మిశ్రమంలో కొద్ది పాలుకు మించి వేయను. పూర్తిగా బ్లూగ్రాస్ వేసినవారికి వేసవిలో వేరును తినే సమ్మర్ ప్యాచ్ అదనపు బెడద.

చెట్ల నీడ ఎక్కువగా ఉన్న ఇంటికి ఫైన్ ఫెస్క్యూ ఆలోచించవచ్చు. వీటిలో కొన్ని రకాల లోపల ఎపిక్లోయి అనే మేలు చేసే శిలీంద్రం కాపురం ఉంటుంది. అది ఆకులు తినే పురుగులను దూరం ఉంచడమే కాక, ఫైన్ ఫెస్క్యూలో డాలర్ స్పాట్‌ను కూడా తగ్గిస్తుందని రట్గర్స్ పరిశోధనలు చూపాయి. ఒక శిలీంద్రం నుంచి గడ్డిని ఇంకో శిలీంద్రం కాపాడడం నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది. కానీ గింజను వేడిలో ఎక్కువ కాలం నిల్వ ఉంచితే ఎపిక్లోయి చచ్చిపోతుంది, కాబట్టి పాత విత్తనం చవకగా వచ్చినా వద్దు. పశువులు మేసే చోట ఇలాంటి గడ్డి అసలే వద్దు, వాటికి హాని చేస్తుంది.

షార్లెట్, రాలీ వైపు పోటీ టాల్ ఫెస్క్యూకూ బెర్ముడాకూ మధ్య. ఎండ బాగా పడే లాన్ అయితే నేను బెర్ముడా వైపు మొగ్గుతాను, ఎందుకంటే అక్కడి వేసవి ఉక్కలో ఫెస్క్యూ ఏటా బ్రౌన్ ప్యాచ్‌తో కుంగి, ఏటా మళ్లీ విత్తనం చల్లించుకుంటుంది. ఆ లేత మొలకలకు గ్రే లీఫ్ స్పాట్ కూడా రావచ్చు. బెర్ముడాకు అక్కడ ఉన్న పెద్ద శత్రువు స్ప్రింగ్ డెడ్ స్పాట్. శరదృతువులో వేరులోకి దిగి, వసంతంలో అంతా పచ్చబడుతుంటే గుండ్రటి చచ్చిన మచ్చలుగా బయటపడుతుంది. ఇక్కడ కూడా తెగులు పేరు ఒకటే, శిలీంద్రాలు వేరు: ఆగ్నేయ రాష్ట్రాల్లో ఓఫియోస్ఫెరెల్లా కోరే ఎక్కువ, ఓక్లహోమా, కాన్సస్ వైపు ఓఫియోస్ఫెరెల్లా హెర్పోట్రికా ఎక్కువ. మొదటిదాన్ని కాల్షియం నైట్రేట్ అణచితే, రెండోదాన్ని అమ్మోనియం సల్ఫేట్ అణచిందని క్షేత్ర ప్రయోగాల్లో తేలింది. ఓక్లహోమా స్నేహితుడు చెప్పిన ఎరువును గుడ్డిగా వాడకూడదని నేననడానికి ఇదే కారణం. కొత్తగా సాడ్ వేయిస్తుంటే ఓక్లహోమా స్టేట్ విశ్వవిద్యాలయం విడుదల చేసిన లాటిట్యూడ్ 36, నార్త్‌బ్రిడ్జ్ రకాలు చలినీ ఈ తెగులునూ పాత రకాల కంటే బాగా తట్టుకుంటాయి.

డల్లాస్‌లో చల్లని ప్రాంతాల గడ్డి గురించి ఆలోచించడం అనవసరం. పూర్తి ఎండ ఉంటే బెర్ముడా, కొంత నీడ ఉంటే జోయిసియా, బాగా నీడ ఉంటే సెయింట్ అగస్టీన్ అని మొదట విభజించుకోండి. సెయింట్ అగస్టీన్‌కు మూడు తెగుళ్లు కాచుకుని ఉంటాయి: గ్రే లీఫ్ స్పాట్, లార్జ్ ప్యాచ్, వేరును కుళ్లబెట్టే టేక్ ఆల్. ఈ మూడోది క్షారనేలలో ఎక్కువ. డల్లాస్ చుట్టుపక్కల నేల మన నల్లరేగడిలాగే ఎండకు నెర్రెలిచ్చే క్షార బంకమట్టి. కాబట్టి నీడ తప్పనిసరి చేస్తే తప్ప నేను దాన్ని సూచించను. జోయిసియా లార్జ్ ప్యాచ్‌కు లొంగినా నెమ్మదిగా పూడుకుంటుంది. మూడింటిలో తెగులు నుంచి తొందరగా కోలుకునేది బెర్ముడా. హైదరాబాదులోనో విశాఖలోనో లాన్ వేస్తున్నవారికి ఈ వ్యాసంలో ప్రధానంగా ఈ డల్లాస్ భాగమే వర్తిస్తుంది, అది కూడా స్ప్రింగ్ డెడ్ స్పాట్ మినహాయించి, ఎందుకంటే మన చలికి గరిక అంత గాఢంగా నిద్రపోదు.

కొనే ముందు, మందు కొట్టే ముందు

విత్తనం సంచి వెనుక చీటీ చదవండి. రకం పేరు లేకుండా వీఎన్ఎస్ అని, అంటే రకం చెప్పలేదని, ఉంటే ధర ఎంత తక్కువైనా వదిలేయండి. రకం పేరు ఉంటే ఎన్‌టీఈపీ అనే జాతీయ పరీక్షల పట్టికల్లో వెతకండి. అక్కడ 1 నుంచి 9 వరకు మార్కులు ఇస్తారు, తెగుళ్ల పట్టికలో 9 అంటే తెగులు లేనట్టు. మొత్తం సగటు మార్కును చూడకుండా, మీకు దగ్గరి రాష్ట్రంలో, మీరు భయపడే తెగులుకు ఆ రకం ఎన్ని మార్కులు తెచ్చుకుందో చూడండి.

మందుల విషయంలో కూడా జన్యు వైవిధ్యం మన మీదే తిరగబడుతుంది. స్ట్రోబిలురిన్ అనే వర్గపు మందులకు లొంగని గ్రే లీఫ్ స్పాట్ శిలీంద్రం 2000 నాటికే కెంటకీ పరిసరాల్లో బయటపడింది. డాలర్ స్పాట్ శిలీంద్రం ఒక్క వర్గానికే కాదు, అనేక మందుల వర్గాలకు అలవాటు పడిపోయింది. అందువల్ల పేరు తేలకుండా మందు కొట్టించవద్దు. మీ రాష్ట్ర విశ్వవిద్యాలయపు ఎక్స్‌టెన్షన్ విభాగం తెగులు నిర్ధారణ ప్రయోగశాలకు నమూనా పంపండి. పూర్తిగా చచ్చిన చోటు నుంచి కాకుండా, పచ్చగడ్డీ తెగులుగడ్డీ కలిసే అంచు దగ్గర, వేరూ రెండు అంగుళాల మట్టీ వచ్చేలా అరచేయంత ముక్క కోయండి. తడి చేయకుండా మట్టి భాగాన్ని రేకు కాగితంలో చుట్టి పెట్టెలో పెట్టండి, శనివారం, ఆదివారం పోస్టులో మగ్గిపోకుండా సోమవారం ఉదయమే పంపండి.